కొత్త ల్యాప్‌టాప్‌లో పాత కంపోజింగ్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ కావడం లేదు, టెంప్ ఫోల్డర్ సరిచూసుకోమంటోంది

వశిష్ఠ ఒడ్డు (నరసాపురం), సోమవారం రాత్రి 9.10

సభ్యులందరికీ నమస్కారం. నేను పదకొండేళ్లుగా ఇంటి దగ్గరే శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, ఓణీల వేడుక పత్రికలు కంపోజ్ చేస్తున్నాను. పేజీ సిద్ధం చేసి పంపిస్తే పాలకొల్లులో ప్రెస్సువారు అచ్చు వేస్తారు. ఇన్నాళ్లూ వాడిన డెస్క్‌టాప్ విండోస్ 7 మీద నడిచేది. పోయిన నెల దాని మదర్‌బోర్డు కాలిపోవడంతో మా అబ్బాయి హైదరాబాదు నుంచి విండోస్ 11 ఉన్న ల్యాప్‌టాప్ తెచ్చి, రెండు రోజులు ఇక్కడే కూర్చుని, తెరిచినప్పుడల్లా తెర మీద ‘అమ్మ’ అని కనిపించేలా అన్నీ అమర్చి వెళ్లాడు.

బ్రౌజరు, లిబ్రే ఆఫీస్ ఏ ఇబ్బందీ లేకుండా ఇన్‌స్టాల్ అయ్యాయి. నా చేతికి అలవాటైన పాత కంపోజింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం కావడం లేదు. సెటప్ ఫైలు మీద రెండుసార్లు నొక్కగానే చిన్న పెట్టె ఒకటి వచ్చి, టెంపరరీ ఫైలు రాయడంలో లోపం ఏర్పడిందనీ, మీ టెంప్ ఫోల్డర్ సరైనదో కాదో చూసుకోమనీ ఇంగ్లీషులో చెప్పి మాయమైపోతోంది. శ్రావణమాసం ముహూర్తాలకు ఏడు శుభలేఖలు ఒప్పుకున్నాను. వాటిలో మూడింటికి పాత నమూనాలే వాడాలి, ఆ నమూనాలు వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోవు. దయచేసి దారి చూపించండి.

సర్వీసు బల్ల (అమలాపురం), సోమవారం రాత్రి 9.42

వశిష్ఠ గారూ, వచ్చిన సందేశం ఏమిటో విడమరిచి రాశారు కాబట్టి సగం పని అయినట్టే. నా దుకాణానికి కంప్యూటర్ తెచ్చేవారిలో చాలామందికి ఏ ఎర్రర్ వచ్చిందో గుర్తుండదు, అందువల్ల నేను మొదటి నుంచి వెతకవలసి వస్తుంది.

మొదట ల్యాప్‌టాప్‌ను షట్‌డౌన్ చేయకుండా రీస్టార్ట్ చేయండి. ఈ రెండూ ఒకటి కావు. ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ చేసినా విండోస్ లోపలి భాగం పూర్తిగా ఆగదు, దాని స్థితి డిస్కు మీద దాచి ఉంటుంది. రీస్టార్ట్ చేస్తేనే మధ్యలో ఆగిపోయిన ఇన్‌స్టలేషన్లు, అప్‌డేట్లు ముగుస్తాయి. తరవాత సి డ్రైవ్‌లో ఖాళీ ఎంత ఉందో చూడండి. ఆ పైన సెటప్ ఫైలు మీద మౌసు కుడి బటన్ నొక్కి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఎంచుకోండి. అప్పటికీ కాకపోతే యాంటీవైరస్‌ను పది నిమిషాలు ఆపి ప్రయత్నించండి.

మీ సాఫ్ట్‌వేర్ ఎంత పాతది? విండోస్ 11 కేవలం 64 బిట్లలోనే వస్తుంది. 32 బిట్ల ప్రోగ్రాములు దాని మీద నడుస్తాయి కానీ, 16 బిట్ల సెటప్ ఉన్న బాగా పాత సీడీలు అసలు నడవవు. అయితే అలాంటప్పుడు ఈ యాప్ మీ కంప్యూటర్‌లో పనిచేయదని సందేశం వస్తుందే తప్ప, టెంప్ ఫోల్డర్ మాట రాదు.

లంక మాస్టారు (ముక్తేశ్వరం వైపు), సోమవారం రాత్రి 10.15

యాంటీవైరస్ ఆపమన్న సలహాతో మాత్రం నేను ఏకీభవించలేను. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని సెటప్ ఫైలును కాపలా తీసేసి నడిపితే, అందులో ఏమున్నా లోపలికి వచ్చేస్తుంది. ఆపక తప్పకపోతే ముందు ఆ ఫైలును స్కాన్ చేయించి, అది శుభ్రమని తేలాకే ఆపాలి.

నాకు కలిగిన సందేహం ఫైలు మీదే. మా లంకలో గాలి కొంచెం గట్టిగా వీస్తే సిగ్నల్ పోతుంది. పిల్లలకు పాఠాల సాఫ్ట్‌వేర్ ఒకటి డౌన్‌లోడ్ చేస్తే, పూర్తయిందని బ్రౌజరు చూపించినా ఫైలు సగమే వచ్చింది. రెండు రోజులు కంప్యూటర్‌నే అనుమానించాను. అప్పటి నుంచి హ్యాష్ (ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టే గుర్తుల వరుస) సరిపోల్చకుండా ఏ సెటప్‌నూ ముట్టుకోవడం లేదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, విండోస్‌తో పాటే వచ్చే సర్ట్‌యుటిల్ అనే ఉపకరణానికి ఫైలు పేరు ఇచ్చి, ఎస్‌హెచ్‌ఏ 256 పద్ధతిలో హ్యాష్ అడిగితే 64 గుర్తుల వరుస ఒకటి ఇస్తుంది. అసలు సీడీలోని ఫైలుకూ, మీ పెన్‌డ్రైవ్‌లోని ఫైలుకూ ఆ వరుస ఒకటే అయితే కాపీలో తేడా లేదని నమ్మవచ్చు. ఒక్క గుర్తు మారినా ఆ కాపీని పారేయాలి.

వశిష్ఠ ఒడ్డు (నరసాపురం), మంగళవారం మధ్యాహ్నం 2.30

ఇద్దరికీ ధన్యవాదాలండి. రీస్టార్ట్ చేశాను. సి డ్రైవ్‌లో 300 జీబీకి పైగా ఖాళీ ఉంది. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపినా అదే సందేశం. మాస్టారు గారి మాట విని యాంటీవైరస్ జోలికి పోలేదు.

అసలు సీడీ నా దగ్గరే ఉంది. ఈ ల్యాప్‌టాప్‌కు సీడీ డ్రైవ్ లేనందున మా తోడికోడలి ల్యాప్‌టాప్‌లో పెట్టి హ్యాష్ తీయించాను. రెండు వరుసలూ ఒకటే. పనిలో పనిగా అదే పెన్‌డ్రైవ్ నుంచి ఆమె ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసి చూస్తే రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆమెదీ విండోస్ 11. అంటే ఫైలు మంచిదే, విండోస్ కూడా అదే, నా ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఏదో ఉంది.

చెరువు గట్టు (భీమవరం), మంగళవారం సాయంత్రం 6.05

మీరు చేసిన ఆ ఒక్క పరీక్షతో వెతకవలసిన చోటు బాగా తగ్గిపోయింది. నేను రొయ్యల చెరువుల మేత లెక్కలు, బిల్లులు ఇంట్లో కంప్యూటర్ మీదే రాసుకుంటాను. నా అనుభవం చెబుతాను.

ఒకసారి నాకు 1618 అనే సంఖ్య వచ్చింది. వేరొక ఇన్‌స్టలేషన్ అప్పటికే నడుస్తోందని దాని అర్థం. వెనక అప్‌డేట్ ఏదో జరుగుతుంటే అది ముగిసేదాకా ఆగితే సరిపోయింది. ఇంకొకసారి 1603 వచ్చింది. అది చాలా మొండిది. ఇన్‌స్టలేషన్ విఫలమైందని చెబుతుందే తప్ప ఎందుకు విఫలమైందో చెప్పదు. అనుమతి లేకపోయినా, పాత వెర్షన్ సరిగా తొలగిపోకపోయినా అదే సంఖ్య వస్తుంది. అప్పుడు లాగ్ ఫైలు, అంటే ఇన్‌స్టలేషన్‌లో జరిగిందంతా రాసి ఉండే ఫైలు, తెరిచి ‘రిటర్న్ వాల్యూ 3’ అన్న మాట కోసం వెతికాను. అసలు కారణం సాధారణంగా ఆ మాటకు కాస్త పైనున్న వరుసల్లోనే ఉంటుంది. నా విషయంలో ఒక ఫోల్డరులో రాయడానికి అనుమతి లేదని అక్కడ కనిపించింది.

మీ సెటప్ ఇలాంటి సంఖ్యలు చూపే రకం కాకపోవచ్చు. అయినా చాలా సెటప్‌లు తాము ఎంతవరకు వెళ్లిందీ ఎక్కడో ఒకచోట రాసుకుంటాయి. పెన్‌డ్రైవ్‌లో సెటప్ ఫైలు పక్కన కొత్తగా ఏదైనా టెక్స్ట్ ఫైలు పుట్టిందేమో చూసి, అందులోని చివరి వరుసలు ఇక్కడ పెట్టండి.

వశిష్ఠ ఒడ్డు (నరసాపురం), మంగళవారం రాత్రి 8.50

నిజంగానే ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంది. అందులో చివరి వరుస ఒక ఫోల్డరు దారి: సి డ్రైవ్, దాని లోపల యూజర్స్, దాని లోపల నాలుగు ప్రశ్నార్థకాలు, దాని లోపల యాప్‌డేటా, లోకల్, టెంప్. ఆ తరవాత ఫైలు సృష్టించలేకపోయినట్టు రాసి ఆగిపోయింది. ప్రశ్నార్థకాలు ఎందుకు వచ్చాయో నాకు అర్థం కాలేదు. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెడుతున్నాను: ????

వైనతేయ (రాజోలు), మంగళవారం రాత్రి 9.35

కారణం దొరికిందండి. మీ మొదటి సందేశంలోనే ఉంది, మేమెవరం గమనించలేదు. మీ అబ్బాయి ఖాతాకు ‘అమ్మ’ అని తెలుగు అక్షరాలతో పేరు పెట్టారు కదా. ఖాతా తయారైన క్షణంలో ఏ పేరు ఇస్తే దాదాపు ఆ పేరుతోనే విండోస్ యూజర్స్ లోపల ఒక ఫోల్డరు సృష్టిస్తుంది. మీ టెంప్ ఫోల్డర్ కూడా దాని లోపలిదే.

‘అమ్మ’ మన కంటికి రెండు అక్షరాలు. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో అది నాలుగు సంకేతాలు: అ, మ, పొల్లు గుర్తు, మళ్లీ మ. మీ లాగ్‌లో సరిగ్గా నాలుగు ప్రశ్నార్థకాలు ఉన్నది అందుకే. ఆ సెటప్ యూనికోడ్ తెలియని కాలంలో తయారైనది. అలాంటి ప్రోగ్రాము ఫోల్డరు పేరును విండోస్‌ను అడిగినప్పుడు, విండోస్ ఆ పేరును కంప్యూటర్‌కు నిర్ణయించి ఉన్న పాత 256 గుర్తుల పట్టికలోకి మార్చి ఇస్తుంది. ఆ పట్టికలో లేని ప్రతి సంకేతానికీ బదులుగా ఒక ప్రశ్నార్థకం పడుతుంది. ఇక విండోస్‌లో ఫోల్డరు పేరులో ప్రశ్నార్థకం ఉండడానికే వీల్లేదు. సెటప్ వెతుకుతున్న చోటు ప్రపంచంలో ఎక్కడా లేని చోటు. అందుకే టెంప్ ఫోల్డర్ సరైనది కాదని మొర పెట్టుకుంటోంది. బ్రౌజరూ, లిబ్రే ఆఫీసూ యూనికోడ్‌ను నేరుగా చదువుతాయి కాబట్టి వాటికి ఈ అడ్డంకి లేదు. మీ తోడికోడలి గారి ఖాతా పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండి ఉంటుంది.

ఇక్కడ నాకు బాధ కలిగించే సంగతి ఒకటి చెప్పాలి. థాయి భాషకు 874, జపనీసుకు 932 అని విండోస్‌లో పాత పట్టికలు ఉన్నాయి. ఆ దేశాలవారు కంప్యూటర్‌ను తమ భాషకు మార్చుకుంటే ఆ పాత ప్రోగ్రాములే తమ అక్షరాలను గుర్తుపడతాయి. అలా కంప్యూటర్‌కు నిర్ణయించుకోగల పాత పట్టిక తెలుగుకు విండోస్‌లో ఎన్నడూ లేదు. తెలుగు నేరుగా యూనికోడ్‌తోనే, 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు ఉన్న 128 స్థానాలతోనే వచ్చింది. విండోస్ ఎక్స్‌పీతో పాటు వచ్చిన తెలుగు ఫాంటుకు మన గోదావరి పాయ పేరే, గౌతమి అని పెట్టారు. అయినా అదే విండోస్‌లో పాత ప్రోగ్రాముకు ‘అమ్మ’ అన్న మాట చేరవేసే దారి లేకపోయింది. మీ అబ్బాయి చేసినదానిలో తప్పేమీ లేదు. తల్లి పేరు తల్లి భాషలో రాశారు.

వశిష్ఠ ఒడ్డు (నరసాపురం), మంగళవారం రాత్రి 10.20

చదువుతుంటే కళ్లు చెమర్చాయండి. తోడికోడలిని అడిగాను, ఆమె ఖాతా ఇంగ్లీషులోనే ఉంది. కారణం తెలిసింది, సంతోషమే. కానీ ఆ పేరు తీసేయడానికి మాత్రం మనసు ఒప్పడం లేదు. సెట్టింగ్స్‌లో పేరు మార్చితే సరిపోతుందా, లేక పేరు ఉంచుకుంటూనే వేరే ఉపాయం ఉందా?

సర్వీసు బల్ల (అమలాపురం), బుధవారం ఉదయం 8.00

వైనతేయ గారి విశ్లేషణ నాకూ కొత్త పాఠమే. మొన్న నేను చెప్పినవన్నీ మామూలుగా ముందు చూడవలసినవే కానీ, ఖాతా పేరు అడగాలని నాకు తట్టలేదు. ఇకనుంచి అడుగుతాను.

మీ ప్రశ్నకు జవాబు: సెట్టింగ్స్‌లో పేరు మార్చితే తెర మీద కనిపించే పేరు మాత్రమే మారుతుంది, ఫోల్డరు పేరు పాతదే ఉంటుంది. అలాగని యూజర్స్ లోపలికి వెళ్లి ఆ ఫోల్డరు పేరును చేత్తో మార్చకండి. ఒకరు అలా మార్చుకుని నా దగ్గరికి వచ్చారు. ఆయన లాగిన్ కాగానే విండోస్‌కు పాత ఫోల్డరు కనబడక ఒక తాత్కాలిక ప్రొఫైల్‌ను తెరిచింది. డెస్క్‌టాప్ మీద ఒక్క ఫైలు కూడా లేకపోయేసరికి అంతా పోయిందని ఆయన కంగారుపడ్డారు. పాత పేరు తిరిగి పెట్టాకే అన్నీ కనిపించాయి.

వైనతేయ (రాజోలు), బుధవారం ఉదయం 9.15

ముందు ఖాతాను ముట్టుకోకుండా చేయదగినది చూద్దాం. సి డ్రైవ్‌లో నేరుగా, ఏ ఫోల్డరు లోపలా కాకుండా, ఇంగ్లీషు అక్షరాలతో టెంప్ అని ఒక ఫోల్డరు సృష్టించండి. స్టార్ట్ మెనూలో ‘ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్’ అని వెతికితే, మీ ఖాతాకు సంబంధించిన వాటిని మార్చే కిటికీ తెరుచుకుంటుంది. పై భాగంలో టెంప్ అని ఒకటి, టీఎంపీ అని ఒకటి ఉంటాయి. రెండింటి విలువా ఆ కొత్త ఫోల్డరు దారిగా మార్చి, లాగవుట్ అయి, మళ్లీ లాగిన్ అయి సెటప్ నడపండి. ఒక్కదాన్నే మార్చి ఊరుకోకండి, కొన్ని సెటప్‌లు ఒకదాన్ని, కొన్ని రెండోదాన్ని చూస్తాయి.

పాత ప్రోగ్రాములకు కూడా యూటీఎఫ్ 8 (యూనికోడ్‌ను రాసే పద్ధతుల్లో ఒకటి) వాడే బీటా ఎంపిక, అంటే ఇంకా పరీక్షలో ఉన్నది, విండోస్‌లో ఉంది. 2018లో వచ్చిన విండోస్ 10 1803 వెర్షన్ నుంచి కనిపిస్తోంది. ఎవరైనా సలహా ఇచ్చినా మీరు దాని జోలికి వెళ్లకండి. మీ పాత నమూనాల్లోని తెలుగు యూనికోడ్ తెలుగు కాదు. ఆ కాలపు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనూ, ఆ పట్టికలో 128 నుంచి 255 వరకు ఉన్న స్థానాల్లోనూ తెలుగు అక్షరాల ముక్కలను, గుణింతాల గుర్తులను, వత్తులను అమర్చుకున్నాయి. యూటీఎఫ్ 8 ఆన్ చేస్తే 128 నుంచి పైనున్న స్థానాల అర్థమే మారిపోయి, మీ శుభలేఖల్లో అక్షరాలు చెదిరిపోయే ప్రమాదం ఉంది.

వశిష్ఠ ఒడ్డు (నరసాపురం), బుధవారం సాయంత్రం 5.40

రెండు విలువలూ మార్చాక సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అయిందండి! అయితే తెరిచిన ప్రతిసారీ సెట్టింగులు భద్రపరచలేకపోతున్నానని చెబుతోంది. పేజీ కొలత, అంచులు ఎన్నిసార్లు పెట్టినా, మూసి తెరిస్తే మొదటికి వస్తున్నాయి. పనైతే చేయవచ్చు కానీ, ప్రతి కార్డుకూ అన్నీ మళ్లీ పెట్టుకోవాలి.

వైనతేయ (రాజోలు), బుధవారం సాయంత్రం 6.30

ఇలా జరగవచ్చని అనుమానించాను. టెంప్‌ను బయటికి తెచ్చాం కానీ, ప్రోగ్రాము తన సెట్టింగులను రాసుకునే యాప్‌డేటా ఇంకా ‘అమ్మ’ ఫోల్డరు లోపలే ఉంది. దాన్ని బయటికి లాగడం క్షేమం కాదు. ఇక కొత్త ఖాతా తెరవడమే దారి. పేరు గురించి దిగులుపడకండి, దానికి ఉపాయం ఉంది, చివరలో చెబుతాను.

సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్, అందులో యాడ్ అకౌంట్ నొక్కండి. ఈమెయిల్ అడిగితే ఆ వ్యక్తి వివరాలు తన దగ్గర లేవన్న వరుసను, తరవాతి తెరలో మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండా యూజర్‌ను చేర్చే వరుసను ఎంచుకోండి. పేరును చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్య ఖాళీ లేకుండా రాయండి. అదే శాశ్వతంగా ఫోల్డరు పేరవుతుంది. ఖాతా రకాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా మార్చి, కొత్త ఖాతాలోకి వెళ్లి, సాఫ్ట్‌వేర్‌ను తొలగించి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. పాత ఖాతాలోని నమూనాలు, ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, అవి తెరుచుకుంటున్నాయని చూసుకునేదాకా పాత ఖాతాను తొలగించవద్దు. ఖాతాతో పాటు దాని ఫైళ్లూ పోతాయి.

వశిష్ఠ ఒడ్డు (నరసాపురం), గురువారం ఉదయం 11.10

కొత్త ఖాతాలో ఇన్‌స్టలేషన్ మొదటిసారికే అయింది, సెట్టింగులు కూడా నిలుస్తున్నాయి. కానీ పాత నమూనా తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ, ఏవో గుర్తులూ కనిపిస్తున్నాయి. పాత ఖాతాలో ఫాంట్లన్నీ ఎక్కించాను, ఇక్కడ ఒక్కటీ లేదు.

సర్వీసు బల్ల (అమలాపురం), గురువారం ఉదయం 11.45

ఇది నాకు రోజూ ఎదురయ్యే సమస్యే. ఇప్పటి విండోస్‌లో ఫాంటు తెరిచి ఇన్‌స్టాల్ నొక్కితే అది ఆ ఒక్క ఖాతాకే, ఆ ఖాతా యాప్‌డేటాలోకే వెళుతుంది. ఫాంటు ఫైళ్లన్నింటినీ ఎంచుకుని, మౌసు కుడి బటన్ నొక్కి, ‘షో మోర్ ఆప్షన్స్’ లోపల ‘ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్’ ఎంచుకోండి. అప్పుడు అవి విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డరులోకి చేరుతాయి. పాత సాఫ్ట్‌వేర్లలో కొన్ని ఆ ఒక్క చోటే చూస్తాయి, అందువల్ల ఒకే ఖాతా ఉన్న కంప్యూటర్‌లో కూడా కంపోజింగ్ చేసేవారు ఫాంట్లను ఇలాగే ఎక్కించుకోవడం మంచిది.

గౌతమి తీరం (యానాం), గురువారం రాత్రి 7.20

నేను ఇన్నాళ్లూ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. మా ఇంట్లో కంప్యూటర్‌కు తాతయ్య పేరు మీద ‘తాతయ్య’ అనే ఖాతా ఉంది. పాత స్కానరు సాఫ్ట్‌వేర్ నాలుగు నెలలుగా ఇన్‌స్టాల్ కావడం లేదు, స్కానరే పాడైందనుకుని అమ్మేయబోతున్నాం. ఈ చర్చ చదివి లాగ్ తెరిస్తే ఆరు ప్రశ్నార్థకాలు ఉన్నాయి. త, దీర్ఘం గుర్తు, త, య, పొల్లు, య అని లెక్కపెట్టుకుంటే ఆరూ సరిపోయాయి. పేరు ఉంచుకునే ఉపాయం మాకూ కావాలండి.

వైనతేయ (రాజోలు), గురువారం రాత్రి 8.05

ఇద్దరికీ ఒకటే జవాబు. ఫోల్డరు పేరు ఖాతా పుట్టినప్పుడు ఒక్కసారే నిర్ణయమవుతుంది. తరవాత కనిపించే పేరు ఎన్నిసార్లు మార్చినా అది కదలదు. సర్వీసు బల్ల గారు చెప్పిన ఈ చిక్కే ఇప్పుడు మనకు ఉపయోగపడుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో పుట్టిన కొత్త ఖాతాలో అన్నీ సరిగా ఉన్నాయని తేలాక, పాత ఖాతాను తొలగించండి. ఒకే పేరుతో రెండు ఉండకూడదు కాబట్టి ఈ వరుస తప్పవద్దు. ఆ తరవాత కంట్రోల్ ప్యానెల్‌లో యూజర్ అకౌంట్స్ తెరిచి, ఖాతా పేరు మార్చే చోట తెలుగులో మీకు కావలసిన పేరు రాయండి. లాగిన్ తెర మీద తెలుగు పేరు ఉంటుంది, పాత ప్రోగ్రాములు చూసే ఫోల్డరు ఇంగ్లీషులోనే ఉండిపోతుంది.

వశిష్ఠ ఒడ్డు (నరసాపురం), ఆదివారం ఉదయం 7.30

ఫాంట్లు అందరు యూజర్లకూ ఎక్కించగానే నమూనాలన్నీ తెలుగులో తెరుచుకున్నాయి. మూడు రోజులు కొత్త ఖాతాలోనే పని చేసి, ప్రతి ఫైలూ తెరిచి చూసుకుని, నిన్న రాత్రి మా అబ్బాయి ఫోన్‌లో ఉండగా పాత ఖాతాను తొలగించాను. కంట్రోల్ ప్యానెల్‌లో పేరు రాసి రీస్టార్ట్ చేశాక తెర మీద మళ్లీ ‘అమ్మ’ అనే వచ్చింది. యూజర్స్ లోపలికి వెళ్లి చూస్తే ఫోల్డరుకు ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు ఉన్నాయి. మొదటి రెండు శుభలేఖలు పాలకొల్లు వెళ్లాయి, మూడోదానికి పెళ్లివారు ముహూర్తం సమయం సరిచేసి పంపుతామన్నారు.

యానాం వారికి ఒక మాట. మీ తాతయ్య గారి ఖాతా తొలగించే ముందు డౌన్‌లోడ్స్ ఫోల్డరు కూడా చూసుకోండి. నేను డాక్యుమెంట్స్ మాత్రమే కాపీ చేసి, డౌన్‌లోడ్స్‌లో ఉన్న పెళ్లివారి ఫొటోలు మరిచిపోబోయాను.